పరదేశంలో విద్యార్థి: ఆరోగ్య రక్షణ భారం ఎవరిది?

విద్యార్జన నిమిత్తం దేశాంతరం వెళ్లడం ఈ ఉపఖండానికి కొత్త సంగతి కాదు. 7వ శతాబ్దంలో చైనా నుంచి హుయాన్‌త్సాంగ్, ఆయన తరువాత ఇత్సింగ్ నలందకు వచ్చి ఏళ్ల తరబడి చదువుకున్నారు. అక్కడి విద్యార్థుల పోషణకై రాజులు గ్రామాల ఆదాయాన్ని కేటాయించినట్లు ఆ యాత్రికుల వృత్తాంతాలవల్ల తెలుస్తున్నది. అన్నము, వస్త్రము, పడక, ఔషధము: ఈ నాలుగింటికోసం విద్యార్థి ఎవరినీ యాచించవలసిన అవసరం ఉండేది కాదట. ఇత్సింగ్ తన గ్రంథంలో రోగలక్షణాలకూ, ఔషధసేవనానికీ ప్రత్యేకంగా అధ్యాయాలనే కేటాయించాడు. దూరదేశం నుంచి వచ్చినవాడు జ్వరపడితే ఎవరు చూడాలి, ఆ ఖర్చు ఎవరు భరించాలి అన్న ప్రశ్న ఆనాడే ఉన్నది. నలంద దానికి తనదైన సమాధానం ఏర్పరచుకున్నది.

ఆ ప్రశ్న నేటికీ పాతబడలేదు. పైగా లక్షలాది కుటుంబాలకు స్వంత ప్రశ్న అయినది. ఒక్క అమెరికాలోనే 2023-24 విద్యా సంవత్సరంలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. ఆ దేశానికి విద్యార్థులను పంపే దేశాలలో ఆ ఏడు భారతదేశమే ప్రథమస్థానంలో నిలిచినది. వీరిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నుంచి వెళ్లినవారు గణనీయంగా ఉన్నారన్నది శంషాబాద్ విమానాశ్రయానికి ఆగస్టు మాసంలో ఒక రాత్రి వెళ్లి చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు. పెట్టెలలో ఆవకాయ, కందిపొడి, చిన్న కుక్కరు. చేతిలో ఒక ఫైలు. అందులో విశ్వవిద్యాలయపు ప్రవేశ పత్రం, వీసా కాగితాలు, బ్యాంకు రుణపత్రాలు, వీటన్నిటి అడుగున ఒక ఆరోగ్య బీమా పాలసీ. మిగిలిన కాగితాలన్నీ పదిసార్లు చదివినవారు సైతం ఆ పాలసీని ఒక్కసారి తెరచి చూడరు. వీసాకో, ప్రవేశానికో అది కావాలన్నారు కనుక కొన్నారు, అంతే.

ఈ నిర్లక్ష్యానికి కారణం లేకపోలేదు. పదునెనిమిది, ఇరువది రెండేళ్ల ప్రాయంలో రోగం అన్నది పెద్దల వ్యవహారంగా తోస్తుంది. ఇంటిదగ్గర ఉన్నన్నాళ్లు జబ్బు చేస్తే తండ్రి స్కూటరు మీద తీసుకువెళ్లాడు, తల్లి గంజి కాచిపోసినది, బిల్లు ఎంతయినదో పిల్లవానికి తెలియలేదు. పేద కుటుంబమైతే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కార్డు అక్కరకు వచ్చినది. కాని ఆ కార్డు సముద్రం దాటదు. ఆ స్కూటరూ దాటదు.

బీమా అంటే ఏమిటి?

బీమాను కొందరు జూదంవంటి దానిగా, కొందరు దండుగ పన్నుగా తలుస్తారు. దాని స్వభావం తెలియాలంటే తెలుగు పల్లెలలోని చదివింపులను గుర్తు చేసుకోవడం మేలు. పెళ్లి జరిగే ఇంట బంధుమిత్రులు తలా ఇంత చదివిస్తారు. ఎవరు ఎంత చదివించినదీ ఒక పుస్తకంలో రాసుకుంటారు. వారి ఇంట శుభకార్యం జరిగిననాడు ఆ మొత్తం తిరిగి వెళుతుంది. ఒక్కరి మీద ఒక్కసారిగా పడవలసిన భారం పదిమంది మీద, పదేళ్ల మీద పరచుకుంటుంది.

బీమా చేసే పనీ ఇదే. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. చదివింపులలో అందరూ ఒకరికొకరు తెలిసినవారు. ఇచ్చినవాడు మరచినా ఊరు మరవదు. బీమాలో చేరినవారు ఒకరినొకరు ఎన్నడూ చూడరు. అందువల్ల ఊరి జ్ఞాపకం చేయవలసిన పనిని అక్కడ అక్షరాలు చేస్తాయి. ఎవరికి, ఏ రోగానికి, ఎంతవరకు, ఏ ఆస్పత్రిలో అన్నదంతా పాలసీలో రాసి ఉంటుంది. రాసినది చెల్లుతుంది, రాయనిది చెల్లదు. చదవకుండా సంతకం చేసినవాడు తానున్న ఊరి కట్టుబాట్లు తెలియకుండా ఆ ఊరిలో కాపురం పెట్టినవానితో సమానం.

విదేశీ విద్యార్థి విషయంలో చిక్కు మరొకటి ఉన్నది. అతడు ఆ దేశపు పౌరుడు కాడు. అలాగని పది రోజులు చూచి వెళ్లే యాత్రికుడూ కాడు. రెండేళ్లో, నాలుగేళ్లో అక్కడే నివసిస్తాడు, అక్కడి గాలి పీలుస్తాడు, అక్కడి చలికి దగ్గుతాడు. ఇతనిని ఏ వరుసలో నిలబెట్టాలి? ఒక్కొక్క దేశం తన చరిత్రను బట్టి ఒక్కొక్క జవాబు చెప్పినది.

రెండు పాత సమాధానాలు

బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ 1948 జూలై 5న ఆరంభమైనది. పన్నుల ఆదాయంతో నడిచే ఈ సేవ, అక్కడ నివసించేవారికి వైద్యం పొందే చోట రుసుము ఉండరాదన్న సూత్రం మీద నిలిచినది. దీర్ఘకాలం చదువుకునే విదేశీ విద్యార్థి కూడా చాలాకాలం ఈ నీడలోనే ఉన్నాడు. 2015 ఏప్రిల్ నుంచి మాత్రం ఆరు నెలలకు మించిన వీసా కోరేవారు ప్రత్యేక ఆరోగ్య రుసుము చెల్లించాలన్న నిబంధన వచ్చినది. విద్యార్థులకు తొలుత అది ఏడాదికి 150 పౌండ్లు. 2019లో 300, 2020లో 470, 2024 ఫిబ్రవరి నుంచి 776 పౌండ్లు. తొమ్మిదేళ్లలో ఐదు రెట్లకు పైగా పెరిగినదన్నమాట. పైగా వీసా కాలమంతటికీ కావలసిన మొత్తాన్ని దరఖాస్తుతోపాటే ఒకేసారి చెల్లించాలి. రుణం తీసుకుని వెళ్లే కుటుంబానికి ఇది చిన్న బరువు కాదు.

కాని చెల్లించిన తరువాత లభించేది కూడా చిన్నది కాదు. ముందునుంచి ఉన్న వ్యాధి అని తిరస్కరించడం అక్కడ లేదు. ఆస్పత్రి వైద్యానికి గరిష్ఠ పరిమితి లేదు. దంతవైద్యానికీ, కంటి అద్దాలకూ, ఇంగ్లండులోనైతే మందుల చీటీకీ మాత్రం వేరుగా చెల్లించాలి. వేల్స్, స్కాట్లండులలో మందుల చీటీకి రుసుము లేదు. విచిత్రమేమిటంటే, ఇంత సొమ్ము చెల్లించి వెళ్లిన విద్యార్థులలో కొందరు అక్కడ చేయవలసిన మొదటి పని చేయరు. నివాసానికి దగ్గరలోని కుటుంబ వైద్యుని కేంద్రంలో పేరు నమోదు చేసుకోవడం ఆ పని. నమోదు లేకుంటే సాధారణ జబ్బుకు సైతం ఎక్కడికి వెళ్లాలో తెలియక అత్యవసర విభాగంలో గంటల తరబడి కూర్చోవలసి వస్తుంది.

జర్మనీ చెప్పిన జవాబు మరింత పాతది. బిస్మార్క్ కాలంలో 1883లో చేసిన కార్మికుల రోగ బీమా చట్టం ఆధునిక సామాజిక బీమాకు మూలం. ఆ వృక్షపు కొమ్మ కిందికే విదేశీ విద్యార్థి కూడా చేరుతాడు. ఆరోగ్య బీమా ఉన్నట్లు రుజువు లేనిదే విశ్వవిద్యాలయంలో అతని పేరు నమోదు కాదు. 30 ఏళ్లు నిండనివారికి చట్టబద్ధమైన బీమా నిధులలో విద్యార్థి రేటు ఉన్నది. నెలకు సుమారు 150 యూరోల చుట్టుపక్కల ఉండే ఆ చందా ఆరోగ్యవంతునికీ, చక్కెర వ్యాధి ఉన్నవానికీ ఒక్కటే.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. అది తెలియక చాలామంది చిక్కులో పడుతున్నారు. తక్కువ ఖరీదుకు దొరుకుతున్నదని కొందరు ప్రైవేటు బీమా కొని, చట్టబద్ధమైన బీమా నుంచి మినహాయింపు కోరుతారు. ఆ మినహాయింపు ఒకసారి పొందితే చదువు ముగిసేవరకు తిరిగి వెనుకకు రావడం వీలు పడదు. రెండవ ఏట జబ్బు చేసి, తన పాలసీ చాలదని తెలిసినప్పుడు తలుపు మూసి ఉంటుంది. భాషా శిక్షణకో, సన్నాహక కోర్సుకో వెళ్లినవారికీ, 30 ఏళ్లు దాటినవారికీ విద్యార్థి రేటు వర్తించదు. కొన్నేళ్లు ఉద్యోగం చేసి, ఆపైన పై చదువుకు బయలుదేరేవారు ఈ వయోపరిమితిని ముందే లెక్క చూచుకోవలసి ఉన్నది.

తక్కిన దేశాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. జపానులో మూడు నెలలకు మించి ఉండే విద్యార్థి స్థానిక పురపాలక కార్యాలయంలో జాతీయ ఆరోగ్య బీమాలో చేరాలి. వైద్యఖర్చులో 30 శాతం తాను, తక్కినది బీమా భరిస్తాయి. దక్షిణ కొరియా 2021 మార్చి నుంచి విదేశీ విద్యార్థులను తన జాతీయ బీమాలో తప్పనిసరిగా చేర్చుకున్నది. కెనడాలో రాష్ట్రానికొక పద్ధతి. ఆస్ట్రేలియాలో వీసా కాలమంతటికీ విదేశీ విద్యార్థి ఆరోగ్య రక్షణ పాలసీ కొని ఉండాలి. ముందునుంచి ఉన్న రుగ్మతలకు అందులో సాధారణంగా 12 నెలల నిరీక్షణ కాలం ఉంటుంది. అయితే నార్వే, స్వీడన్, బెల్జియం దేశాల విద్యార్థులకు ప్రభుత్వాల మధ్య ఉన్న ఏర్పాట్ల మూలంగా ఈ పాలసీ కొనే నిబంధన నుంచి మినహాయింపు ఉన్నది. భారతీయ విద్యార్థికి ఆ సౌకర్యం లేదు.

అమెరికాలో ఒక రాత్రి

అన్నిటికంటె ఎక్కువమంది తెలుగు విద్యార్థులు వెళ్లే దేశంలోనే ఈ వ్యవహారం అన్నిటికంటె జటిలంగా ఉన్నది. అందుచేత ఇక్కడ కొంతసేపు ఆగవలసి ఉన్నది.

అమెరికాలో విదేశీ విద్యార్థులకు ముఖ్యంగా రెండు రకాల వీసాలు. ప్రభుత్వ వినిమయ కార్యక్రమాల కింద వెళ్లేవారిది జె-1. వారికి ఆరోగ్య బీమా కేంద్ర ప్రభుత్వ నిబంధన ప్రకారమే తప్పనిసరి. ఒక ప్రమాదానికి లేదా ఒక జబ్బుకు కనీసం లక్ష డాలర్లు, రోగిని స్వదేశం చేర్చడానికి 50 వేలు, మరణం సంభవిస్తే భౌతికకాయాన్ని పంపడానికి 25 వేల డాలర్లు ఉండాలని అంకెలతో సహా నిర్దేశించారు. అత్యధిక సంఖ్యాకులు వెళ్లే ఎఫ్-1 వీసాకు అటువంటి కేంద్ర నిబంధనే లేదు. ఏ విశ్వవిద్యాలయానికి ఆ విశ్వవిద్యాలయం తన నియమం పెట్టుకుంటుంది. కొన్ని తమ పాలసీనే కొనాలంటాయి. కొన్ని తగిన ప్రత్యామ్నాయం చూపితే అంగీకరిస్తాయి. ఒకే గదిలో ఉంటూ రెండు కళాశాలలలో చదివే ఇద్దరు మిత్రుల రక్షణలో హస్తిమశకాంతరం ఉండడానికి ఇదే కారణం.

టెక్సాస్‌లో చదువుతున్న ఒక తెలుగు విద్యార్థికి కడుపునొప్పి మొదలైనదని అనుకుందాం. ఇంటినుంచి ఫోను వస్తుంది.

“గొంతు అదోలా ఉందేం నాయనా? డాక్టరుకు చూపించుకున్నావా?”

“ఏం లేదమ్మా, కాస్త అజీర్తి. చూపిస్తానులే.”

అతడు చూపించడు. డాక్టరు వద్దకు వెళితే ఎంత అవుతుందో తెలియదు. తండ్రి తీసుకున్న రుణం గుర్తున్నది. తన పాలసీలో ఏమున్నదో తెలియదు. మూడవనాటి రాత్రికి ఆ నొప్పి అపెండిసైటిస్ అని తేలుతుంది. మొదటిరోజు వెళ్లి ఉంటే చిన్న శస్త్రచికిత్సతో పోయేది, ఉండుకం పగిలి పది రోజుల ఆస్పత్రి వాసమవుతుంది. ఇది కల్పిత దృష్టాంతమే అయినా అక్కడ నివసించే వారెవరికీ వింతగా తోచదు. ఖర్చుకు భయపడి చేసిన జాప్యమే అసలు ఖర్చుగా పరిణమిస్తుంది.

ఆస్పత్రి అతనిని తిప్పి పంపదు. అత్యవసర విభాగానికి వచ్చిన రోగిని, చెల్లించగలడా లేదా అన్నది చూడకుండా పరీక్షించి, ప్రాణాపాయం తప్పించాలని 1986 నాటి చట్టం ఆదేశిస్తున్నది. ఈ సంగతి ప్రతి విద్యార్థికీ తెలియాలి. డబ్బు లేదని ప్రాణాపాయంలో గదిలో పడి ఉండడం కంటె అవివేకం లేదు. కాని ఆ చట్టం వైద్యం చేయమన్నదే కాని బిల్లు వేయవద్దనలేదు. కొన్ని వారాల తరువాత కవర్లు రావడం మొదలవుతుంది. ఆస్పత్రిది ఒకటి, శస్త్రవైద్యునిది ఒకటి, మత్తుమందు ఇచ్చిన వైద్యునిది వేరొకటి, అంబులెన్సుది ఇంకొకటి. బీమా సంస్థతో ఒప్పందం లేని వైద్యులు అత్యవసర సమయంలో అదనంగా దండుకోకుండా 2022 జనవరి నుంచి ఒక చట్టం అడ్డుకట్ట వేసినది. రోడ్డు మీద నడిచే అంబులెన్సులు దాని పరిధిలోకి రావు. అల్పకాలిక పాలసీలకూ, ప్రయాణ బీమాలకూ ఆ రక్షణ వర్తించదు. పోలికకు చవక అని ఇక్కడనుంచి కొనుక్కుని వెళ్లేవి చాలావరకు ఆ రెండవ తరగతివే.

చవకకూ ఖరీదుకూ గల తేడా ఒక లెక్కతో తేటపడుతుంది. ఆస్పత్రి ఖర్చు 20,000 డాలర్లు అయినదనుకుందాం. ఒక పాలసీలో తొలి 500 డాలర్లు విద్యార్థి భరించాలి. దీనినే డిడక్టిబుల్ అంటారు. మిగిలిన 19,500లో ఐదవ వంతు, అనగా 3,900 అతడే ఇవ్వాలి. మొత్తం 4,400 డాలర్లు. బాధాకరమే, కాని రెండు మూడు వాయిదాలలో తీరే బాకీ. ఆ ఐదవ వంతుకు కూడా ఏడాదికి ఇంతకు మించరాదన్న గరిష్ఠ పరిమితి మంచి పాలసీలలో ఉంటుంది. రెండవ పాలసీలో డిడక్టిబుల్ ఏమీ లేదు, కాని ఒక జబ్బుకు బీమా సంస్థ ఇచ్చేది 10,000 డాలర్లు మాత్రమే. అప్పుడు విద్యార్థి మీద పడేది తక్కిన 10,000. ఖర్చు 20,000 కాక లక్ష అయితే? మొదటి పాలసీలో అతని భారం గరిష్ఠ పరిమితి దగ్గర ఆగిపోతుంది. రెండవదానిలో 90,000 డాలర్లు అతని నెత్తిన పడతాయి. ప్రీమియం ఎంత అని అడిగినవారు వందమందైతే, ఆ గరిష్ఠ పరిమితి ఎవరికి, సంస్థకా, తనకా అని అడిగేవారు అరుదు. అడగవలసినది ఆ ప్రశ్నే.

2010లో వచ్చిన ఆరోగ్య రక్షణ చట్టానికి లోబడి బీమా సంస్థలు నడిపే విద్యార్థి పాలసీలలో ముందునుంచి ఉన్న జబ్బులను మినహాయించడానికి వీలు లేదు. ప్రధానమైన వైద్య ప్రయోజనాలకు ఇంతేనని డాలర్ల హద్దు పెట్టడానికీ వీలు లేదు. మానసిక వైద్యం కూడా అందులో భాగమే. ఈ చివరి మాట తల్లిదండ్రులు ప్రత్యేకంగా గమనించాలి. చలికాలపు చీకటి, ఒంటరితనం, రుణభారం, దొరకని ఉద్యోగం ఇవన్నీ కలిసి మనసును కుంగదీస్తాయి. కాలు విరిగితే నలుగురికీ చెప్పుకునే కుటుంబం ఆ వ్యథను మాత్రం దాచిపెడుతుంది. చవక పాలసీలు కూడా దానిని మినహాయింపుల జాబితాలోనే దాచిపెట్టడం కాకతాళీయమే కావచ్చు.

చదువు ముగిసిననాడు మరొక ఖాళీ ఏర్పడుతుంది. పట్టా పుచ్చుకున్న తరువాత అదే వీసా మీద శిక్షణ పేరిట ఒక ఏడాదీ, విజ్ఞాన సాంకేతిక రంగాల వారికి మరి 24 నెలలూ పని చేసుకునే అవకాశం ఉన్నది. విశ్వవిద్యాలయపు పాలసీ మాత్రం సాధారణంగా చదువుతోనే ఆగిపోతుంది. ఉద్యోగం దొరికి, యజమాని బీమా ఆరంభమయ్యేవరకు ఆ యువకుడు, ఆ యువతి ఏ నీడా లేకుండా ఉంటారు. ఆ నెలలలోనే కారు ప్రమాదమో, జ్వరమో వచ్చిన కుటుంబాలకోసం తెలుగు సంఘాలు చందాలు వసూలు చేయడం తరచుగా వింటున్నాము. ముక్కూ మొహం తెలియనివారు ఒక్క రాత్రిలో వేల డాలర్లు పోగుచేస్తారు. చదివింపుల సంస్కారం సముద్రాలు దాటినదనడానికి అది నిదర్శనం. అయినా ఆ ఔదార్యం మీద ఆధారపడి ప్రయాణం కట్టడం మంచిది కాదు. ఫోటో చూడముచ్చటగా ఉన్నవానికీ, స్నేహితులు ఎక్కువ ఉన్నవానికీ చందా త్వరగా పోగవుతుంది. ఎవరూ లేనివానికి కాదు. అటువంటివారి కోసం 2009లో భారత ప్రభుత్వం ప్రవాస భారతీయ సంక్షేమ నిధిని ఏర్పాటు చేసినది. దౌత్య కార్యాలయాల ద్వారా, నిస్సహాయులైన వారికి స్థితిగతులను విచారించి అందులోనుంచి సహాయం చేస్తారు. ఆపద సమయంలో తట్టవలసిన తలుపే కాని అది బీమాకు బదులు కాదు.

ఇక్కడ మరొక సంగతి ప్రస్తావనార్హం. గల్ఫ్ వంటి దేశాలకు కూలిపనికి వెళ్లే, వలస అనుమతి అవసరమైన కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజనను 2003లో ప్రవేశపెట్టారు. ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయల పరిహారం ఇచ్చే ఆ పాలసీ లేనిదే వారికి అనుమతి లభించదు. కరీంనగర్ జిల్లా నుంచి దుబాయి వెళ్లే తాపీ మేస్త్రీకి రాజ్యం ఒక కనీస రక్షణను తప్పనిసరి చేసినది. అదే ఊరినుంచి డల్లాస్ వెళ్లే విద్యార్థికి అటువంటి కనీస ప్రమాణమేదీ నిర్దేశించలేదు. చదువుకున్నవాడు తన మంచిచెడ్డలు తానే చూచుకోగలడన్న నమ్మకం దీని వెనుక ఉన్నదేమో. పైన చెప్పిన పాలసీల చిక్కులు చూచిన తరువాత ఆ నమ్మకానికి ఆధారం ఎంతటిదో ఎవరికి వారే ఆలోచించుకోవచ్చు.

దాచిన జబ్బు

పాలసీ దరఖాస్తులో ఒక గడి ఉంటుంది: ప్రస్తుతం ఏదైనా వ్యాధి ఉన్నదా, మందులు వాడుతున్నారా? ఉబ్బసం ఉన్న పిల్లవాని తండ్రి అక్కడ ‘లేదు’ అని రాస్తాడు. ఉన్నదని రాస్తే వీసా రాదేమోనని ఒక భయం, ప్రీమియం పెరుగుతుందని మరొక భయం. బీమా దరఖాస్తు వేరు, వీసా దరఖాస్తు వేరు అన్నది అతనికి ఎవరూ చెప్పరు. మధ్యవర్తి సైతం ‘లేదని రాయండి సార్, ఏం కాదు’ అంటాడు. ఆరు నెలల తరువాత చలిగాలికి ఊపిరి ఆడక ఆ పిల్లవాడు ఆస్పత్రిలో చేరితే, వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్నకు ‘చిన్నప్పటినుంచి ఉన్నది’ అని నిజమే చెబుతాడు. ఆ మాట కేసు కాగితం మీదికి ఎక్కుతుంది. క్లెయిమ్ తిరస్కరించడానికి బీమా సంస్థకు వేరే సాక్ష్యం అక్కరలేదు. తండ్రి రాసిన అబద్ధానికీ కొడుకు చెప్పిన నిజానికీ మధ్య నలిగిపోయేది ఆ కొడుకే.

వ్యాధిని దాచక చెప్పి, దానికి వర్తించే పాలసీనే వెతకడం, వర్తించేది దొరకకపోతే బ్రిటన్, జర్మనీల వలె రోగభేదం చూడని దేశాన్ని ఎంచుకోవడం వివేకం. దేశాన్ని ఎంచుకునేటప్పుడు కళాశాల పేరు, రుసుము, ఉద్యోగావకాశాలు చూచినట్లే దీర్ఘరోగి అయిన విద్యార్థి ఆ దేశపు ఆరోగ్య వ్యవస్థను కూడా చూడవలసినదే. ఇన్సులిన్ మీద బతికే అమ్మాయికి ఇది రెండవ తరగతి విషయం కాదు.

మన ఇంటికి వచ్చినవారు

ఇంతవరకు చెప్పినది వెళ్లేవారి గురించి. వచ్చేవారి మాట కూడా చెప్పుకోకపోతే ప్రసంగం సగంలో ఆగినట్లే. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2021-22లో మన దేశంలో సుమారు 47 వేల మంది విదేశీ విద్యార్థులు చదువుకుంటున్నారు. వారిలో అందరికంటె ఎక్కువ నేపాలీయులు. బంగ్లాదేశ్, భూటాన్, ఆఫ్గనిస్తాన్, ఆఫ్రికా దేశాల వారూ ఉన్నారు. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలోనూ వీరు ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉన్నారు.

భారత సాంస్కృతిక సంబంధాల మండలి విద్యార్థి వేతనంపై వచ్చేవారు ఏడాదికి కనీసం 5 లక్షల రూపాయల వైద్య బీమా కలిగి ఉండాలన్నది నియమం. సొంత ఖర్చుతో వచ్చేవారి విషయం చేరిన సంస్థ నియమాలను బట్టి, వారి వివేకాన్ని బట్టి ఉంటుంది. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల ఆస్పత్రి వైద్యాన్ని అర్హులైన భారతీయ కుటుంబాలకు కల్పించినది. అతిథి విద్యార్థి దాని పరిధిలో లేడు.

భూటాన్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి స్థితిని ఊహించండి. ప్రాథమిక ప్రజారోగ్య సేవలను ప్రజలకు ఉచితంగా అందించాలని ఆ దేశపు 2008 నాటి రాజ్యాంగమే చెబుతున్నది. వైద్యునికి సొమ్ము చెల్లించడమన్నది ఆమె పెరిగిన ఇంట లేని అలవాటు. శ్రీలంక నుంచి వచ్చినవారికీ ప్రభుత్వాస్పత్రిలో ఉచిత వైద్యమే అలవాటు. అటువంటి అమ్మాయికి హైదరాబాదులో జ్వరం వస్తే, పేరుమోసిన ప్రైవేటు ఆస్పత్రి కౌంటరు దగ్గర అడిగే మొదటి మాట ‘అడ్వాన్సు ఎంత కడతారు?’ అన్నది. అమెరికాలో మన పిల్లలకు ఎదురయ్యే అయోమయమే ఇక్కడ ఆమెకూ ఎదురవుతుంది. ఆమెకు తెలుగు రాదు. పాలసీ కాగితంలోని ఇంగ్లీషు ఆమెకే కాదు, చాలామంది భారతీయులకూ అర్థం కానిది. ముందునుంచి ఉన్న రోగాలకు నిరీక్షణ కాలం మూడేళ్లకు మించరాదని బీమా నియంత్రణ సంస్థ 2024లో నిబంధన తెచ్చినది. అంతకుముందు నాలుగేళ్లుండేది కనుక ఇది మేలే. కాని మూడేళ్లంటే ఆమె డిగ్రీ చదువు మొత్తం. రక్షణ మొదలయ్యేనాటికి ఆమె థింఫూకు తిరుగు టిక్కెట్టు కొంటూ ఉంటుంది. విద్యార్థుల కోసం సంస్థయే సామూహిక పాలసీ తీసుకుంటే ఈ నిరీక్షణను తొలగించమని బేరమాడే వీలు ఉంటుంది. ఒంటరిగా కొనే అమ్మాయికి ఆ బలం లేదు.

ఐరోపాలో దీనికొక మార్గం కనిపెట్టారు. 2004 నుంచి అక్కడ ఐరోపా ఆరోగ్య బీమా కార్డు అమలులో ఉన్నది. స్పెయిన్ విద్యార్థి పోలండులో చదువుకుంటూ జబ్బుపడితే, తన దేశపు కార్డు చూపి అక్కడి ప్రభుత్వ వైద్యాన్ని పోలండు పౌరునితో సమానమైన షరతుల మీద పొందుతాడు. లెక్కలు రెండు దేశాలు తరువాత చూచుకుంటాయి. విద్యార్థికి ఆ లెక్కలతో నిమిత్తం లేదు. మన దేశం కూడా కొన్ని దేశాలతో సామాజిక భద్రతా ఒప్పందాలు చేసుకున్నది. బెల్జియంతో 2006లో సంతకం చేసిన ఒప్పందం 2009లో అమలులోకి వచ్చినది, ఆ తరువాత మరికొన్ని వచ్చినవి. అవి ప్రధానంగా ఉద్యోగుల చందాలకూ, పింఛన్లకూ సంబంధించినవి. విద్యార్థి వాటిలో ఎక్కడా కనిపించడు.

దక్షిణాసియా దేశాలు కలిసి ఏర్పరచిన దక్షిణాసియా విశ్వవిద్యాలయం 2010 నుంచి ఢిల్లీలో నడుస్తున్నది. ఎనిమిది దేశాల విద్యార్థులు ఒకే తరగతిలో కూర్చునేందుకు కట్టిన విద్యాలయం అది. నేపాల్ వాడు, శ్రీలంక వాడు, కర్నూలు వాడు ఒకే పాఠం వినవచ్చు, ఒకే పట్టా పొందవచ్చు. వారిలో ఎవరికి జ్వరం వచ్చినా తన దేశపు కార్డు చూపి ఎదురుగా ఉన్న ఆస్పత్రిలో వైద్యం పొందే ఏర్పాటు మాత్రం ఈ ఎనిమిది దేశాల మధ్య ఇంకా లేదు.